తాళంచెవి ఆవిడ కొంగునే వుండనివ్వండి

నూజివీడు దగ్గర పల్లె నుంచి ఒక సోదరి వ్రాశారు. అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. తోట గుత్తకిచ్చినా, ఇంటికని దింపించిన చిన్న రసాలు వరిగడ్డిలో మగ్గబెట్టిన గదికి తాళం వేసి, చెవి కొంగున కట్టుకుంటారట. రాత్రిళ్ళు లేచి కాయలు లెక్కపెడతారట. రెండు తగ్గితే, కోడలు పుట్టింటికి పంపిందని వీధంతా చెబుతారట. "ఇది జబ్బా, పొగరా? రసంలో ఏదైనా మాత్ర కలిపి ఇవ్వచ్చా?" అని అడిగారు.

వద్దమ్మా, కలపవద్దు. రసం రుచి కాస్త తేడాగా తగిలిందా, ఇన్నాళ్ళూ ఆవిడ అన్నది నిజమేనని మీరే రుజువు చేసినవారవుతారు. మర్నాటి నుంచి మీ చేతి అన్నం ముట్టరు. పైగా నిద్రమాత్రలకు పెద్దవాళ్ళు తూలి పడతారు. తుంటి ఎముక విరిగితే ఇక మంచమే.

అసలు ఇది ఎప్పటినుంచి? మీరు కాపరానికి వచ్చిన నాడే పాలవాణ్ణీ, పనిమనిషినీ, తోడికోడళ్ళనీ అనుమానించేవారైతే, ఇది ముసలితనంతో వచ్చింది కాదు. డాక్టర్లు వ్యక్తిత్వ రుగ్మత అనేది యౌవనంలోనే పాతుకుంటుంది. మరి యీమధ్యే ముదిరిందేమంటారా? మామగారు పోయి మూడేళ్ళయిందని మీ ఉత్తరంలోనే ఓ మూల వుంది. నలభై యేళ్ళు ఆవిడ మాటలు తాను కాసుకుని, ఇరుగుపొరుగులకు సర్దిచెప్పిన మనిషి ఆయనే అయివుంటారు. ఆ అడ్డు తొలగింది, అంతా మీమీద పడుతోంది.

అలాకాక, పదిమందికి పెట్టిన చెయ్యి ఏడాది, రెండేళ్ళలో బిగుసుకుపోతే, మర్యాదస్తుడు బూతులకు దిగితే అది స్వభావం కాదు. మెదడు ముందుభాగం క్షీణిస్తూ వుండవచ్చు. దిగులు జబ్బో, థైరాయిడో కావచ్చు. చెవుడైనా కావచ్చు, వినపడనివారికి పక్కవాళ్ళు తమ గురించే గుసగుసలాడుతున్నట్టుంటుంది. రెండు రోజుల్లోనే మనిషి మారిపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటిది వుందేమో వెంటనే చూపించాలి.

స్వభావాన్ని మార్చే మాత్ర లేదు. దానితోపాటు వచ్చే దిగులుకూ, ఆందోళనకూ వైద్యం వుంది. మీరు చూసినవి తేదీలతో కాగితం మీద వ్రాసి డాక్టరుకివ్వండి. 2022లో మొదలైన టెలి మానస్‌కు, 14416కు ఫోను చేస్తే, తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు.

ఇంట్లో దొంగవంటే వాదించకండి, ఒప్పుకోనూవద్దు. "నేను తీయలేదత్తయ్యా" అని ఒక్కసారి చెప్పి పనిచూసుకోండి. పిల్లల ముందు తిడితే లేచి వెళ్ళిపోండి. ఏ రోజైనా అంతే. "అమ్మ సంగతి నీకు తెలిసిందేగా" అని పేపరు వెనక దాక్కునే మీవారికి కూడా పూటకో గంట కేటాయించండి. ఆడపడుచు పదిరోజులు వచ్చి వుంటే మీరూ పుట్టింటికి వెళ్ళిరావచ్చు.

అన్నట్టు, కుళ్ళిన కాయలు మీరు ఏరి పారేస్తూవుంటారు గదా, లెక్క అక్కడే తప్పుతోందేమో! ఆవిడకు చూపించి, ఆవిడ చేతే నోటుపుస్తకంలో కొట్టివేయించి పారేయండి. తాళంచెవి మాత్రం అడగకండి.