గుద్దితే ఊడే స్తంభమే మేలు

హైవే పక్క గ్రామాల వారికి ఇది తెలిసిన సంగతే. రాత్రివేళ లారీ తగిలి కూడలిలోని సిగ్నల్ స్తంభం ఒరిగిపోతుంది. దీపాలు ఆరిపోతాయి. మళ్లీ నిలిపే వరకు పొలానికి, బడికి వెళ్లేవారు ప్రాణాలు అరచేత పెట్టుకుని రోడ్డు దాటవలసిందే.

స్తంభాన్ని మరింత లావుగా, కాంక్రీటుతో బిగించాలన్నది మామూలుగా వినిపించే మాట. కాని కదలని స్తంభాన్ని కారో, ఆటోనో గుద్దితే లోపలి వారి గతి ఏమిటి? అమెరికాలోని టెక్సాస్ ఇంజనీర్లు 1960 దశకంలోనే రోడ్డు పక్క బోర్డులకు దీనికి విరుగుడు కనిపెట్టారు. స్తంభం అడుగున రెండు ఇనుప పలకలను బోల్టులతో బిగిస్తారు. వాహనం తగలగానే పై పలక జారి స్తంభం ఊడిపోతుంది. పునాది మిగులుతుంది. దానిపైనే కొత్త స్తంభం బిగించవచ్చు.

అయితే సిగ్నల్‌కు కరెంటు తీగలుంటాయి. అవి ప్లగ్గులా ఊడి, సరఫరా ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. బస్సు కోసం జనం నిలబడే చోట ఊడే స్తంభం వారి మీదే పడవచ్చు. అక్కడ స్తంభాన్ని రోడ్డు అంచు నుంచి వెనక్కు జరపడమే మంచిది. పొడుగు బండి మలుపు తిరిగితే వెనుక చక్రాలు లోపలికి కోసుకొస్తాయి. చెరకు ట్రాక్టరు తోలేవారికి ఇది చెప్పనక్కరలేదు. మూల మీద నిలిపిన స్తంభానికి ఆ గండం ఎప్పుడూ ఉంటుంది.

సిగ్నల్ కోరే పంచాయతీలు స్తంభం ఎక్కడ పాతుతారో, విడి స్తంభం ఎక్కడ నిల్వ ఉంచుతారో కూడా అర్జీలోనే అడగవలసి ఉంది.