మెడలో బిళ్ల.. మందుల షాపు వైద్యం

కూకట్‌పల్లి నుంచి వచ్చిన ఇంటర్ అమ్మాయి. రెండు నెలలుగా తలనొప్పి, మెడ కుడివైపున బిళ్ల కట్టింది. వాళ్లమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మందుల స్ట్రిప్పులు తీసి నా టేబుల్ మీద పరిచింది. అన్నీ మందుల షాపులో అడిగి తెచ్చినవే. రెండు రకాల యాంటీబయోటిక్స్, నొప్పి మాత్రలు, ఒక స్టిరాయిడ్. ‘‘వేసినప్పుడు తగ్గుతోంది సార్, ఆపితే మళ్లీ వస్తోంది’’ అంది.

నన్ను భయపెట్టేది ఆ తగ్గడమే. స్టిరాయిడ్‌తో క్షయ బిళ్ల, లింఫోమా బిళ్ల కూడా కొన్నాళ్లు చిన్నవవుతాయి. ఆ తర్వాత పరీక్ష చేసినా అసలు జబ్బు దొరక్కపోవచ్చు.

మెడలో ప్రతి బిళ్లకూ కంగారు పడనక్కర్లేదు. గొంతునొప్పి, పుచ్చిపన్ను, ఆఖరికి తలలో పేలు ఎక్కువై పుండ్లు పడినా లింఫు గ్రంథులు ఉబ్బుతాయి. ముట్టుకుంటే నొప్పిగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. అలా తగ్గకపోయినా, సెంటీమీటరు దాటి పెరుగుతున్నా, నొప్పి లేకుండా గట్టిగా ఉన్నా డాక్టరుకు చూపించాలి. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు తోడైతే ఇంకా త్వరగా చూపించండి. మెడ ఎముక పైన గుంటలో కనిపించే బిళ్లను మాత్రం ఒక్క వారం కూడా వదిలేయొద్దు.

మన దగ్గర తగ్గని మెడ బిళ్లకు ముందుగా అనుమానించాల్సింది క్షయనే. పెద్దవాళ్లు గండమాల అనేవారే, అదే. ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సూది పరీక్ష చేసి, ఆ నమూనానే సీబీనాట్‌కూ పంపుతాం. ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తాం. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి కూకట్‌పల్లి మెట్రో స్టేషన్ నుంచి నాలుగో స్టేషనే.

ఈ అమ్మాయిదీ క్షయే. తలనొప్పి కారణం మాత్రం వేరు. కంటి పరీక్షలో అద్దాల నంబరు మారినట్టు తేలింది. పైగా రాత్రి ఒంటిగంట దాకా చదువు, ఉదయం టిఫిన్ లేకుండా కాలేజీ బస్సు. రెండు బాధలకూ ఒకే కారణం ఉండాలనేం లేదు. అలాగని తలనొప్పిని తేలిగ్గా తీసుకోమనడం లేదు. తెల్లవారుజామున నిద్రలేపే తలనొప్పి, వాంతులు, చూపు రెండుగా కనిపించడం, మెడ బిగుసుకోవడం, పిల్లలు మత్తుగా ఉండటం లేదా ప్రవర్తన మారడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. క్షయ మెదడు పొరలకు పాకితే రోజుల ఆలస్యమైనా ప్రాణాల మీదికి వస్తుంది.

రిపోర్టు చూశాక ఆ తల్లి అడిగిన మొదటి మాట: ‘‘ఈ సంగతి ఎక్కడా రాయకుండా మందులివ్వలేరా సార్? రేపు పెళ్లి చేయాల్సిన పిల్ల.’’ ఆమెను తప్పుపట్టలేను. కానీ టీబీ కేసు నమోదు 2012 నుంచి తప్పనిసరి. ఆ వివరాలు బంధువులకో, కాలేజీకో వెళ్లేవి కావు. నమోదైతేనే మందులు ఉచితంగా వస్తాయి, పోషకాహారానికి ఇచ్చే నెలకు 1,000 రూపాయలు కూడా అందుతాయి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకుండా బిళ్ల మాత్రమే ఉంటే పక్కవాళ్లకు అంటదు. కాలేజీ మాన్పించాల్సిన పని లేదు, కంచం వేరు చేయాల్సిన పని అసలే లేదు.

చికిత్స సాధారణంగా 6 నెలలు. మందుల వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది, హడలిపోకండి. మధ్యలో బిళ్ల మళ్లీ కాస్త ఉబ్బడమూ ఉంటుంది. అప్పుడు మాత్రలు ఆపేయకుండా, మందు రాసిన డాక్టరు దగ్గరికే రండి.