సేవ, ఛాయాచిత్రము, పలుకు

సేవాకార్యమునకై వచ్చినవాడు కెమెరా చేతబట్టినచో అతని చిత్రములకు కలుగు విలువ యేమి? బిలాస్‌పూరు పరిసరములలో ఈ ప్రశ్నకు తగిన నిదర్శనము వెరియర్ ఎల్విన్ జీవితము. బిలాస్‌పూరునుండి కట్నీకి పోవు రైలుమార్గమున పెండ్రా రోడ్ స్టేషను కలదు. దానికి పడమట, అమరకంటకము దాపున నున్న కరంజియా గ్రామమున 1932లో అతడు మిత్రుడు శామ్‌రావు హివాలేతో కూడి నివాస మేర్పరచుకొనెను. గోండు సేవా మండలము పేర వారు పాఠశాలలు, వైద్యశాల, కుష్ఠరోగుల ఆశ్రయము నడపిరి.

గిరిజనుల నడుమ ఏండ్ల తరబడి నివసించుటచే సేవకుడు క్రమముగా పరిశోధకు డయ్యెను. 'ది బైగా' (1939), 'ది అగరియా' (1942), 'ది మూరియా అండ్ దెయిర్ ఘోటుల్' (1947) గ్రంథములలో ఛాయాచిత్రములు విరివిగా కలవు. సేవాసంస్థల నివేదికలలోని చిత్రములు సాధారణముగా లేమినే చూపును. దాతల జాలిని మేల్కొల్పుట వాని ప్రయోజనము. ఎల్విన్ దృష్టి వేరు. కొలిమిలో ఖనిజమును కరగించి ఇనుము తీయు అగరియాలను అతడు దీనులుగా గాక నేర్పరులుగా చూచెను. బహుకాల సహవాసము లేనిదే ఈ చూపు అలవడదు.

అట్లని ఆ దృష్టి నిర్దుష్టమని చెప్పరాదు. బైగాలకు ప్రత్యేక రక్షిత ప్రదేశము ఉండవలెనని 1939లో అతడు సూచించెను. గిరిజనులను వేరుపరచు ఆ ధోరణిని జి. ఎస్. ఘుర్యే తీవ్రముగా విమర్శించెను. భాషావేత్తలు గమనింపదగిన లోపము మరియొకటి కలదు. 'ఫోక్-సాంగ్స్ ఆఫ్ ఛత్తీస్‌గఢ్' (1946) లోని పాటలు లోకమునకు ప్రధానముగా ఆంగ్లానువాదములుగానే అందినవి. భావము నిలిచినది, పలుకు మరుగుపడినది.

చిత్రమునకును ఈ పరిమితియే కలదు. కొలిమి తిత్తి ఆకారమును అది చూపగలదు. దానిని త్రొక్కువాడు ఏమని పిలుచునో చెప్పజాలదు. చిత్రితుని మాట ప్రక్కన నిలిచినపుడే చిత్రము పూర్ణసాక్ష్య మగును.

ఈ నియమము కొండజాతులకు మాత్రమే పరిమితము కాదు. రాయపూరు–విజయనగరము రైలుమార్గము 1931లో పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకును ఛత్తీస్‌గఢ్‌నకును రాకపోకలు సులభమైనవి. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు బిలాస్‌పూరున స్థిరపడినవి. హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ వారి తెలుగు ఎట్లు మారినది? పనిముట్లకును బంధువరసలకును ఏ మాటలు నిలిచినవి? ఇండ్లలోని పాత పటములు ఈ ప్రశ్నలకు బదులు చెప్పవు. వానిని గుర్తుపట్టగల పెద్దలే చెప్పవలెను.

కావున విశ్వవిద్యాలయముల భాషాశాఖలు క్షేత్రమునకు పంపు విద్యార్థికి కెమెరాతోపాటు ధ్వనిముద్రణ యంత్రమును ఇయ్యవలెను. ప్రతి చిత్రమునకును చిత్రితుల అనుమతితో పేరు, ఊరు, వృత్తిపదములు వారి పలుకుబడిలోనే నమోదు కావలెను. పటము పెట్టెలో కొంతకాలము భద్రముగా నుండవచ్చును. దానికి పేరు చెప్పగల వృద్ధుడు అంతకాలము ఉండడు.