చదివిన సబ్జెక్టులను లెక్కలోకి తీసుకోండి

గౌరవనీయులైన శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, పుట్టపర్తి.

విషయం: ఇంటర్ ఒకేషనల్, డిగ్రీ చదివిన విద్యార్థులు నర్సింగ్ తదితర వైద్య కోర్సుల్లో చేరేటప్పుడు ఇదివరకే చదివిన సబ్జెక్టులకు గుర్తింపు ఇప్పించుట గురించి.

ఆర్యా,

మేము హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లో, చుట్టుపక్కల పల్లెల్లో ఉంటున్న విద్యార్థులం, వాళ్ల తల్లిదండ్రులం. మాలో మగ్గం నేసేవాళ్లు, వేరుశనగ వేసేవాళ్లు, తూముకుంట ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు పోయేవాళ్లు ఉన్నారు. మా పిల్లల్లో చాలామంది పదో తరగతి కాగానే ఇంటర్ ఒకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్), ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్) కోర్సుల్లో చేరారు. ఆస్పత్రి ఉద్యోగానికి అదే దగ్గర దారి అని చేర్చిన పెద్దలం మేమే.

ఒకేషనల్‌లో ఇంగ్లిషు, జనరల్ ఫౌండేషన్ కోర్సు, వృత్తి పేపర్లు ఉంటాయి గానీ ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ బైపీసీలో ఉన్నట్టు ఉండవు. ఆ లోటు తీర్చడానికే ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు పెట్టింది. భౌతిక, జీవశాస్త్రాల్లో ఆ కోర్సు పాసైన ఒకేషనల్ విద్యార్థి బీఎస్సీ నర్సింగ్‌కు అర్హుడని ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశ నోటిఫికేషన్లలోనే ఉంటుంది. అంటే రూలు మావైపే ఉంది. కాగితం మీద ఉన్న ఆ బ్రిడ్జికి మా ఊళ్లలో మెట్లు మాత్రం లేవు. పరీక్ష ఫీజు కట్టించుకుంటారు, హాల్‌టికెట్ ఇస్తారు, పాఠం చెప్పేవాళ్లుండరు.

ధర్మవరంలో ఒక మగ్గం ఇంటి అమ్మాయి సంగతి విన్నవించుకుంటాం. ఎంపీహెచ్‌డబ్ల్యూ చదివిన రెండేళ్లలో పీహెచ్‌సీలో టీకాల రోజు పేర్లు రాసింది, బీపీ చూడడం నేర్చింది, వీధివీధీ తిరిగి గర్భిణుల వివరాలు నమోదు చేసింది. బ్రిడ్జి పరీక్షకు సీనియర్ ఇచ్చిన పాత బైపీసీ పుస్తకాలే దిక్కు. పగలు అమ్మ పక్కన కండెలు చుట్టి, రాత్రి మగ్గం గుంట అంచున కూర్చుని కటకాల లెక్కలు తనంతట తానే చేసుకుని పాసైంది. మెమోలన్నీ పట్టుచీర అట్టపెట్టెలో పెట్టుకుని నర్సింగ్ ప్రవేశాల సర్టిఫికెట్ల పరిశీలనకు పోతే, అక్కడి గుమస్తా మెమో తిప్పి చూసి, "ఇందులో బైపీసీ అని లేదే, సమానమని లెటర్ తీసుకురామ్మా" అన్నాడు. లెటర్ కోసం కాలేజీకి పోతే బోర్డును అడగమన్నారు. బోర్డు వాళ్లు నోటిఫికేషన్‌లోనే ఉంది కదా, లెటరెందుకన్నారు. ముగ్గురి మాటా నిజమే, ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఆ లోపల సీట్లు నిండిపోయాయి. గుమస్తాను తప్పుపట్టం, ఆయన చేతికి రాతపూర్వకమైన జాబితా ఎవరూ ఇవ్వలేదు.

డిగ్రీ చేసినవాళ్ల బాధ ఇంకో రకం. బీఎస్సీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడేళ్లు చదివిన అమ్మాయి నర్సింగ్‌లో చేరితే మొదటి సెమిస్టర్ నుంచే మొదలుపెట్టాలి. భారత నర్సింగ్ మండలి 2021లో తెచ్చిన సెమిస్టర్ సిలబస్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లిషు, సోషియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఉన్నాయి. వీటిలో కొన్ని డిగ్రీలో పాసైనవే. అదే ఏడాది యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. మా పిల్లలకు ఖాతాలు తెరిపించారు, పన్నెండంకెల నంబరిచ్చారు. ఆ ఖాతాలోని క్రెడిట్లను నర్సింగ్ కాలేజీలో ఎవరూ అడగనైనా అడగలేదు.

ఇది కొత్తగా అడిగే కోరిక కాదు. డీఫార్మసీ పాసైనవాళ్లు ఈసెట్ రాసి బీఫార్మసీ రెండో ఏడాదిలో చేరుతున్నారు. జీఎన్‌ఎం చదివిన నర్సులు రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సుతో బీఎస్సీ పట్టా తెచ్చుకుంటున్నారు. ఇంటర్ తర్వాత అదనపు సబ్జెక్టులుగా ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ పాసైనా నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరు 22న ప్రకటించింది. డాక్టరు చదువుకే ఆ వెసులుబాటు ఉన్నప్పుడు నర్సు చదువుకు ఎందుకుండదని మా ప్రశ్న.

ఆస్పత్రిలో చేయాల్సిన గంటలు తగ్గించమని మాత్రం మేము అడగం. రేపు సూది వేయించుకునేది మేమే కదా!

హిందూపురం పిల్లలు నర్సింగ్ చదువుకు పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పోతున్నారు. కర్ణాటకలో మన ఒకేషనల్ మెమోకు అర్హత పత్రం తెచ్చుకోవడం మరో తంటా.

మా విన్నపం ఇది. మూడు పట్టణాల్లో ఒక్కొక్క ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సాయంత్రం బ్రిడ్జి కోర్సు తరగతులు పెట్టించండి. బైపీసీ లెక్చరర్లు అక్కడే ఉన్నారు, గంటకింత అని గౌరవ వేతనం చాలు. ఏ ఒకేషనల్ కోర్సు, ఏ బ్రిడ్జి పేపరు, ఏ వైద్య కోర్సుకు సరిపోతుందో ఇంటర్ బోర్డు, ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి ఒకే ఉత్తర్వుగా ఇచ్చేలా తమరు రాయండి. డిగ్రీలో పాసైన సబ్జెక్టులకు నర్సింగ్‌లో మినహాయింపు ఇచ్చే అధికారం జిల్లాకు లేదని తెలుసు. ఆ సంగతి రాష్ట్ర ప్రభుత్వం ద్వారా నర్సింగ్ మండలి ముందు పెట్టించగలరని ఆశ.

సోమవారం అర్జీల్లో దీన్ని నమోదు చేయించి, వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ రాకముందే జవాబు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం విద్యార్థులు, తల్లిదండ్రులు

జతపరిచినవి: ఒకేషనల్, బ్రిడ్జి కోర్సు మెమోల జిరాక్సు ప్రతులు, సంతకాల కాగితాలు.