గర్వపడితే సరిపోదు, మెట్లు అడగాలి

2025 నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గజాలా హాష్మీ ఎన్నికయ్యారు. 1964లో హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ల వయసులో అమెరికా చేరిన ముస్లిం మహిళ ఆమె. తెలంగాణ ముస్లింలు ఆమెను చూసి గర్వించడం సహజమే. అయితే ఆమె ఫోటోను పంచుకోవడంతోనే మన బాధ్యత తీరిపోతుందా?

ఇలాంటి పేర్లు మనకు కొత్త కావు. ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్ 1952లో స్కాలర్‌షిప్‌పై ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. చికాగోలోని 110 అంతస్తుల సియర్స్ టవర్ నిర్మాణ రూపకల్పన ఆయనదే. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో ముహమ్మద్ అలీ తన బాక్సింగ్ కిరీటాన్ని కోల్పోయారు. ఐదేళ్ల జైలు శిక్షను 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టివేసింది. వీరి ప్రతిభను ఎవరూ కాదనరు. కానీ ఖాన్‌కు స్కాలర్‌షిప్, అలీకి న్యాయస్థానం, హాష్మీకి మతం చూడని ఓటరు అండగా నిలిచారన్నది మరువరాదు.

ఇప్పుడు ఉట్నూర్ వైపు చూద్దాం. ఇక్కడి ఐటీడీఏ ఆదివాసుల అభివృద్ధికై ఏర్పడింది. అది వారి న్యాయమైన హక్కు. అందులో వాటా కోరడం మన ఉద్దేశం కాదు. అందువల్లనే ఇక్కడి పేద ముస్లిం కుటుంబానికి మైనారిటీ విద్యా పథకాలు ప్రాణాధారం. 2022లో కేంద్రం ఏం చేసింది? ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను నిలిపివేసింది. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌నూ రద్దు చేసింది. అంటే నిచ్చెన మొదటి మెట్టునూ చివరి మెట్టునూ ఒకే ఏడాది ఊడబీకింది!

విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదో తరగతి వరకు చదువు ఉచితమే కదా అన్నది ప్రభుత్వ వాదన. ఫీజు లేనంత మాత్రాన ఖర్చు లేనట్లేనా? నెలకు రూ.100 భత్యం అధికారులకు అల్పంగా తోచవచ్చు. కూలి చేసుకునే ఇంట్లో అది నోటుపుస్తకం, ఆటో కిరాయి. ఇతర ఫెలోషిప్‌లతో కలగాపులగం అవుతోందన్నది రెండో వాదన. ఒక విద్యార్థికి ఒకే ఫెలోషిప్ అన్న నిబంధనతో తీరే చిక్కుకు పథకాన్నే చంపడం ఏ న్యాయం?

మన నాయకులకూ ఒక మాట. అమెరికా విజేతలకు అభినందన ఫ్లెక్సీలు కట్టే చేతులు ఈ రద్దుపై ఎన్ని వినతిపత్రాలు రాశాయి? ఎన్నికల వేళ ఓటు అడగవచ్చే ప్రతి అభ్యర్థినీ ఈ రెండు పథకాల పునరుద్ధరణపై నిలదీయాలి.

తల్లిదండ్రులారా! ఉన్న అవకాశాలనైనా చేజార్చుకోకండి. మైనారిటీ గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశాలకు దరఖాస్తు చేయించండి. అర్హులైన వారు బీసీ-ఇ ధ్రువపత్రాన్ని ముందే తీసుకుని 4 శాతం రిజర్వేషన్‌ను వాడుకోండి. ఆడపిల్ల చదువును పదో తరగతితో ఆపకండి. ప్రభుత్వాన్ని నిలదీసే నైతిక బలం మనకు అక్కడి నుంచే వస్తుంది.