యాంటెన్నాకు బహువచనం

పలివెలలో మా మేనల్లుడు పరీక్షలో రొయ్య బొమ్మ వేసి, తలముందు పొడవాటి తీగలకు "మీసాలు" అని పేరు రాశాడు. దాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి "యాంటెన్నే" అని దిద్దారు. అది తెలుగు మాధ్యమం కాగితమే! "మావయ్యా, మేడమీదివి యాంటెన్నాలైతే రొయ్యవి యాంటెన్నే ఎందుకయ్యాయి?" అని వాడు నన్నడిగాడు.

ఆ తేడా ఇంగ్లీషు వాళ్ళది. ప్రాణుల విషయంలో లాటిన్ బహువచనాన్ని ఉంచుకుని, రేడియో పరికరానికి తమ పద్ధతిలో బహువచనం చేసుకున్నారు. అసలు లాటిన్‌లో ఆ మాటకు తెరచాపను కట్టే అడ్డకొయ్య అని అర్థం. పురుగుల విషయంలో అరిస్టాటిల్ వాడిన గ్రీకు మాటకు కొమ్ము అనీ, ఓడ అడ్డకొయ్య అనీ రెండర్థాలూ ఉన్నాయి. 15వ శతాబ్దంలో థియొడోర్ గాజా లాటిన్‌లోకి అనువదిస్తూ కొయ్యను తీసుకున్నాడు. 1890ల మార్కోనీ ప్రయోగాల తరువాత అదే మాట రేడియో తీగలకూ వ్యాపించింది. మన పాఠ్యపుస్తకాల "స్పర్శశృంగాలు" మళ్ళీ కొమ్ము దగ్గరికే వచ్చాయి.

ఇక బహువచనం సంగతి. మనం రోజూ అనే "ఆసామి" అరబ్బీలో బహువచనమే. పేర్లు అని దాని అర్థం. మనవాళ్ళు దాన్ని ఏకవచనం చేసుకుని, "లు" చేర్చి ఆసాములన్నారు. అరబ్బీ వ్యాకరణాన్ని ఎవరూ అడగలేదు. వచ్చిన మాట ఏ దేశానిదైనా తెలుగులో అడుగుపెట్టాక తెలుగు విభక్తులకూ, తెలుగు బహువచనానికీ లోబడవలసిందే. పురుగువైనా, మేడమీదివైనా యాంటెన్నాలే.

మీసం అంటే వెంట్రుకలు కదా, రొయ్యకున్నవి కణుపులున్న అవయవాలు, అవీ రెండు జతలు, అని శాస్త్రజ్ఞులు ఆక్షేపించవచ్చు. నిజమే. కాని ఆ తేడా చెప్పవలసింది నిర్వచనం. పేరే అంతా చెప్పాలంటే ఓడ కొయ్య పురుగు తలమీదికి ఎలా ఎక్కింది? శివలింగానికి కొప్పును చెప్పుకుని, తెలుగు కొప్పుకు సంస్కృత ఈశ్వరుణ్ణి జతచేసి కొప్పేశ్వరుడని కొలిచే ఊరు మాది. "రొయ్యకు లేదా బారెడు మీసం" అన్న సామెత తెలియని ఇల్లు అక్కడ ఉండదు.

పోయింది ఒక్క మార్కే. కాని ఇంట్లో నేర్చిన మాట బడిలో తప్పని వాడికి తెలిసిపోయింది. మరోసారి రాసేటప్పుడు అమ్మ మాటను ముందుగా తానే కొట్టివేసుకుంటాడు. దాన్ని ఏ ఎర్రసిరా దిద్దగలదు? మీరేమంటారు?