పటం వెనుక పట్టికను గ్రామసభలో చదవాలి

పోడు భూముల కొలతకు గొలుసు పోయి జి.పి.ఎస్. యంత్రం వచ్చింది. చెలక గట్టు వెంట నడిచిన దారి కంప్యూటరులో గీతగా మారి భూపటం మీదికెక్కుతున్నది. ఆ గీతను చూసి తన చెలకను రైతు గుర్తుపట్టగలడు. అయితే జి.ఐ.ఎస్. అనే ఈ పద్ధతిలో పటంలోని ప్రతి ముక్క వెనుక పట్టికలో ఒక వరుస ఉంటుంది. హక్కుదారు పేరు, ఊరు, అటవీ కంపార్టుమెంటు నంబరు, విస్తీర్ణం అన్నీ అందులోనే. గీత సరిగా ఉన్నంత మాత్రాన వరుస సరిగా ఉన్నట్లు కాదు.

2 ఎకరాల 20 గుంటల భూమినే తీసుకుందాం. దానిని 2.20 అని ఎక్కిస్తే, గుంటలు తెలియని కంప్యూటరు దశాంశంగా లెక్కగడుతుంది. అంటే 2 ఎకరాల 8 గుంటలే. ఎవరూ ఆక్రమించకుండానే 12 గుంటలు మాయం! ఎక్కించవలసింది 2.50. ఇక 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న భద్రాచలం వైపు సెంట్ల లెక్క అలవాటు గనుక అక్కడ 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. అది తప్పు కాదు. రెండు లెక్కలూ ఒకే పట్టికలో కలిస్తే ఏది ఏదో చెప్పగలిగేది ఆ రైతు ఒక్కడే.

ఊళ్ల పేర్లదీ ఇదే తంటా. కొత్తగూడెం పేరును ఇంగ్లీషులో ఒకరు రెండు 'టీ'లతో, మరొకరు 'టీ హెచ్'తో రాస్తే కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. పట్టికను పటానికి జతచేసినప్పుడు ఆ వరుస అతకదు. పైగా 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2011 జనాభా లెక్కల పట్టికలో ఇవన్నీ ఖమ్మం జిల్లా గ్రామాలే. కనుక పేరుతో గాక, ఆ లెక్కల్లో రెవెన్యూ గ్రామానికిచ్చిన ఆరంకెల కోడుతో జతచేయడం మేలు. గుంపులకు విడి కోడు లేదు గనుక గుంపు పేరు వేరే గడిలో తప్పక రాయాలి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల నిర్ణయం మొదలయ్యేది గ్రామసభలోనే. ఉపగ్రహ చిత్రాలు తదితర సాంకేతిక సాధనాలు ఇతర సాక్ష్యాలకు తోడే గాని బదులు కావని 2012లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. అందువల్ల పట్టా అచ్చు కాకముందే ప్రతి వరుసనూ తెలుగులోను, కోయ భాషలోను సభలో చదివి వినిపించాలి. విస్తీర్ణం గుంటలా, సెంట్లా అన్నది నోటితో చెప్పాలి. సరిదిద్దిన ప్రతి ఒకటి పంచాయతీలో ఉంచాలి. సభకు కనీసం సగం మంది రావాలన్నది నిబంధన. తునికాకు కోతల రోజుల్లో పెడితే గూడెమంతా అడవిలోనే ఉంటుంది. ఆ పని ముగిశాకే తేదీ వేయాలి.